నేను యాభై అన్నాను

ఆ బళ్ళో లెక్కల టీచరుకు పిల్లలు పెట్టిన పేరు కొట్టివేతల టీచరు. కొత్తగా చేరిన పిల్లలు ఆ పేరు విని, ఈవిడ చెయ్యి చేసుకునే రకమేమోనని హడలిపోయేవాళ్ళు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఒక్క పిల్ల మీదా చెయ్యెత్తి ఎరగదు. నోరు మాత్రం పెద్దదే. ఆ పేరు వేరే సంగతి వల్ల వచ్చింది. ఆవిడ క్లాసులో రబ్బరు నిషేధం. లెక్క తప్పితే చెరపకూడదు, కాగితం చింపకూడదు, సిరా పూసి కప్పెట్టకూడదు. తప్పు మీద ఒకే ఒక్క గీత, అదీ కింద ఉన్నది చదవటానికి వీలుగా గీసి, మళ్ళీ మొదటి నుంచి చేయాలి. తళతళలాడే నోటుబుక్కు కనబడితే ఆవిడకు ఎక్కడలేని అనుమానం పుట్టుకొచ్చేది. "ఎవరి పక్కన కూర్చుని రాశావమ్మా?" అని అడిగేది.

చిన్నప్పుడు ఆవిడకు లెక్కలంటే చచ్చే భయం. ఒకసారి మాస్టారు బోర్డు దగ్గరికి పిలిస్తే, వణుకుతూనే సగం బోర్డు నింపింది. ఆయన వెనక నుంచి వచ్చి డస్టరుతో ఒక్క తుడుపు తుడిచి, "పోయి కూర్చో" అన్నాడు. ఎక్కడ తప్పిందో చెప్పలేదు. చూసుకుందామంటే బోర్డు మీద సుద్ద మరక తప్ప ఏమీ మిగల్లేదు. తప్పు చేసినందుకు ఆవిడ సిగ్గుపడలేదు గానీ, తన తప్పు తనకు దక్కకుండా చేశాడని ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే డిగ్రీ చదివింది, ఆ మంట మీదే టీచరైంది. కొందరికి ఆశయాలుంటాయి. ఈవిడకు కోపం ఉంది, అది ఆశయం కన్నా బాగా పనిచేసింది.

బడిలోకి ఇంటర్నెట్టు, పెద్ద తెరలు వచ్చినప్పుడు టీచర్లందరికీ శిక్షణ ఇచ్చారు. అందరూ ఎగిరే అక్షరాలు, తిరిగే పువ్వులు పెట్టి పాఠాలు తయారుచేశారు. ఈవిడ ఆ పువ్వులు చూసి పెదవి విరిచింది. "లెక్క ఎవరు చేస్తున్నారిక్కడ? పువ్వా?" అని అడిగితే, నేర్పడానికి వచ్చిన కుర్రాడు ఇంకో పువ్వు తిప్పి చూపించాడు. హెడ్మాస్టరు ఆవిడ పేరు పాతకాలం మనుషుల లెక్కలో వేసేశాడు.

ఆ లెక్క తారుమారు చేసింది వదిన. అన్నయ్య పోయాక వదినా మరదళ్ళు ఒకే ఇంట్లో ఉంటున్నారు. వదిన ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది, మిషను పక్కన ఫోను ఆనించి కుట్టు వీడియోలు చూస్తుంది. అన్నీ చూడదు, ఒక ముసలావిడ పెట్టేవే చూస్తుంది. ఆ ముసలావిడ కాలరు వంకరగా కుట్టి, "అయ్యో" అనుకుని, దారమంతా విప్పి మళ్ళీ కుడుతుంది. అదంతా కోయకుండా అలాగే పెడుతుంది.

"తప్పు కుట్టినదాన్ని పనిగట్టుకుని చూస్తావేంటి వదినా?" అంది టీచరు.

"కుట్టడం ఊరంతా చూపిస్తారు. విప్పడం చూపించేది ఈవిడొక్కతే" అంది వదిన, కాలు ఆపకుండా.

ఆ పూట టీచరు అన్నం తింటున్నంత సేపూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో అది పెద్ద వింత.

అలా మొదలైంది నెట్టులో పదో తరగతి పేజీ. పిల్లలు ఇంట్లో ఒక లెక్క చేస్తూ వీడియో తీసుకోవాలి. తప్పు వస్తే వీడియో ఆపకూడదు. పట్టుకునేదాకా వెతికి, గీత కొట్టి, సరిచేసి, అంతా కలిపి ఒకే ముక్కగా పెట్టాలి. పెట్టింది తీసేయకూడదు. కింద వ్యాఖ్య రాసేవాళ్ళకీ ఒక నియమం ఉంది. "తప్పు" అని రాస్తే చెల్లదు, ఏ వరుసలో తప్పిందో రాయాలి. నవ్వే బొమ్మ పెట్టిన వాళ్ళు మర్నాడు బోర్డు మీద లెక్క చేయాలి. నెల తిరిగేసరికి, క్లాసులో నోరు విప్పని పిల్లలు పేజీలో ఒకరి లెక్కలు ఒకరు వరుసల వారీగా విప్పి చూపించడం మొదలుపెట్టారు. ఆవిడ మర్నాడు క్లాసుకి వచ్చేసరికే, ఎవరికి ఏది తెలియదో ఆవిడకు తెలిసిపోయేది. పాఠం అక్కడి నుంచే ఎత్తుకునేది.

పేజీ ఎవరైనా చూసేలా తెరిచే ఉంచింది. "తాళం వేసుకోరాదూ? పిల్లలు కదా" అని వదిన ఒకటికి రెండుసార్లు చెప్పింది. తలుపేసుకుని తప్పు ఒప్పుకోవడంలో గొప్పేముందని టీచరు వాదించింది. వాదనలో ఆవిడ మీద గెలిచినవాళ్ళు లేరు. గెలవనివ్వదు కాబట్టి, తను పొరబడినప్పుడు ఆ సంగతి ఆలస్యంగా తెలిసేది.

క్లాసులో ఒక బస్సు డ్రైవరు గారి అమ్మాయి ఉంది. మిగతా పిల్లలు చేతులూ పుస్తకమూ మాత్రమే వీడియోలో పడేలా చూసుకుంటే, ఈ పిల్ల మొహం కూడా పెట్టేది. డ్యూటీలో ఉన్న వాళ్ళ నాన్న, బస్సు ఆగినప్పుడల్లా చూసుకుంటాడని. ఒకరోజు లెక్క ఇదీ: బస్సు ఒక ఊరికి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయి, అదే దారిన అరవైతో తిరిగి వచ్చింది. మొత్తం మీద సగటు వేగం ఎంత?

పిల్ల జడ వెనక్కి విసిరి చెప్పింది. "నలభై, అరవై. కలిపి సగం చేస్తే యాభై. మా నాన్న డ్రైవరు, ఇది నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను." తర్వాత సరిచూసుకుందామని దూరం నూట ఇరవై అనుకుని లెక్కవేసింది. కలం ఆగిపోయింది. కాసేపు గోళ్ళు కొరుక్కుంది. "కాదు, ఆగండి, యాభై కాదు" అని గీత కొట్టి, మళ్ళీ చేసి, చివరికి సరైన జవాబు పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. టీచరు ఆ వీడియో చూసి, వదినను పిలిచి మరీ చూపించింది.

ఎవడో ఒక కోచింగు సెంటరాయన కూడా చూశాడు. ఆయనకో చానెలుంది, బోలెడంత మంది చూస్తారు. "నిద్రలో లేపి అడిగినా చెప్తాను" దగ్గర కత్తిరించి, వెనక గాడిద ఓండ్ర కలిపి, "ఈ పిల్ల నాన్న నడిపే బస్సు ఎక్కకండి" అని రాసి వదిలాడు. చూసినవాళ్ళు చూసినట్టు పదిమందికీ పంచారు. కింద నవ్విన మహానుభావుల్లో కొందరు జవాబు అరవై అని రాశారు, కొందరు నలభై అయిదన్నారు. యాభయ్యే కదా, ఎందుకు నవ్వుతున్నారని అమాయకంగా అడిగినవాళ్ళూ ఉన్నారు. సరైన జవాబు రాసినవాళ్ళ కోసం టీచరు వెతికి వెతికి విసిగిపోయింది. ఏమీ తెలియకుండానే ఒక పిల్లని చూసి ఇంత ధీమాగా నవ్వొచ్చని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

డిపోలో డ్రైవరును ఆటపట్టించడం మొదలైంది. ఎవరో ప్రయాణికుడు టికెట్టు తీసుకుంటూ, "ఇవాళ నలభయ్యా, అరవయ్యా?" అని అడిగాడట. పిల్ల బడికి రావడం మానేసింది.

బడి నడిపే కరస్పాండెంటు టీచరును తన గదికి పిలిపించాడు. హెడ్మాస్టరు అప్పటికే ఓ మూల కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"అడ్మిషన్ల సమయం టీచర్. నెట్టులో బడి పేరు కొడితే ఆ గాడిద అరుపే ముందు వస్తోంది. వారం తిరిగేలోపు పేజీ మూసేయండి" అన్నాడు కరస్పాండెంటు.

"అరిచింది మా పిల్ల కాదు కదా సార్. అరుపు కలిపినవాణ్ణి అడగండి."

"వాడితో మనకెందుకు? అసలు తప్పులు ఊరికి చూపించే బడి ఎక్కడైనా ఉందా? మంచి కెమెరా ఇస్తాను, గది ఇస్తాను. మీరే నిలబడి చక్కగా, ఎక్కడా పొల్లు పోకుండా పాఠాలు చెప్పండి. అవి పెడదాం."

"పొల్లు పోని పాఠాలు నెట్టులో బస్తాలకొద్దీ ఉన్నాయి. మా పిల్లలు వాటిని చూసి తలలూపి పరీక్షలో తెల్లమొహం వేస్తున్నారు. నేను మూయను."

కరస్పాండెంటుకి ఆ మాట అలవాటు లేదు. మొహం జేవురించింది. "అయితే పదో తరగతి వేరే వాళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది."

పదో తరగతి ఆవిడ ప్రాణం. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. గొంతు ఎక్కడా తగ్గకుండా చూసుకుని, "ఇవ్వండి. పేజీ మాత్రం మూయను" అని లేచి వచ్చేసింది. 

సాయంత్రం బడి విడిచాక నేరుగా డ్రైవరు గారి ఇంటికి వెళ్ళింది. రెండే గదులు. ముందు గదిలో మంచం, మంచం మీద ఇస్త్రీ చేసిన యూనిఫాం చొక్కా. డ్రైవరు కుర్చీ వేశాడు. కోపం ఉంది, కానీ టీచరు మీద కేకలెయ్యడానికి మర్యాద అడ్డొచ్చింది.

"మీరంటే గౌరవం ఉంది టీచర్ గారూ. మీరొచ్చాకే అమ్మలు లెక్కలంటే ఇష్టపడింది. కానీ దాని మొహం ఇలా ఊళ్ళోవాళ్ళ పాలు చేస్తారా? ఆ వీడియో తీసేయండి."

టీచరు దగ్గర పది జవాబులు సిద్ధంగా ఉన్నాయి. నియమం గురించి, ధైర్యం గురించి. దారి పొడుగునా అల్లుకుంటూ వచ్చింది. లోపలి గది గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ మొహం చూశాక ఆ జవాబుల్లో ఒక్కటీ నోటికి రాలేదు. నియమం తనది, మొహం ఆ పిల్లది.

"నువ్వు చెప్పమ్మా. నాన్న కాదు, నేను కాదు. నీదది."

"తీసేయండి టీచర్."

అక్కడికక్కడే ఫోను తీసి, పేజీలోంచి ఆ వీడియో తొలగించింది. పెట్టాక ఏదీ తీయకూడదన్న తన నియమాన్ని తానే మీరింది. డ్రైవరు ఊపిరి పీల్చుకున్నాడు. పిల్ల మాత్రం నాన్న ఫోను తీసుకుని ఏదో వెతికింది. చూస్తూ చూస్తూ మంచం మీద కూలబడింది.

"ఆ కోచింగాయనది ఉంది. మనదే పోయింది."

"ఏమన్నావు?" అంది టీచరు.

"మన దాంట్లో నేను సరిచేసుకున్నాను టీచర్. అది ఇంకెక్కడా లేదు. నాన్న ఫోను నిండిపోతే ఎప్పుడో తీసేశాం. ఇప్పుడు లోకంలో మిగిలింది ఆ యాభయ్యే."

టీచరుకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ ఆ డస్టరు పట్టుకున్న మాస్టార్ని తిట్టుకుంటూ బతికిన మనిషి, ఇవాళ తన చేత్తో అదే పని చేసింది. అవతలివాడు సగం కోసేస్తే, తను మిగతా సగం తుడిచిపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"తప్పు చేశానమ్మా. దాని కాపీ ఒకటి ఉంచుకోవాలన్న ఆలోచనే తట్టలేదు. తాళం వేయమని మా వదిన మొత్తుకుంది, అదీ వినలేదు. రెండూ నావే."

 డ్రైవరు వచ్చి కూతురి ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఇంతకీ యాభై ఎందుకు కాదమ్మా?"

పిల్ల తల ఎత్తింది. "నీకు తెలియదా?"

"తెలిస్తే డిపోలో వాళ్ళ నోళ్ళు మూయించనూ? నేనూ యాభయ్యే అనుకున్నాను. నవ్విన ప్రతివాడూ అదే అనుకుంటున్నాడు, బయటపడటం లేదంతే."

పిల్ల మంచం అంచుకి జరిగింది. "నువ్వు నూట ఇరవై కిలోమీటర్లు నలభైలో పోతే ఎన్ని గంటలు?"

"మూడు."

"అరవైలో తిరిగొస్తే?"

"రెండు."

"మొత్తం అయిదు గంటల్లో రెండు వందల నలభై కిలోమీటర్లు తిరిగావు. గంటకెంత?"

డ్రైవరు వేళ్ళు మడుచుకున్నాడు. "నలభై ఎనిమిది." మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. "అదేంటి, రెండు ఎటు పోయాయి?"

"మెల్లగా నడిపిన గంటలు ఎక్కువ కదా నాన్నా. అందుకే సగటు అటువైపు జరిగింది. యాభై రావాలంటే రెండు వేగాల్లోనూ సమానమైన గంటలు నడపాలి."

డ్రైవరు కూతురి వంక చూసిన చూపులో ఇందాకటి కోపం మచ్చుకైనా లేదు. టీచరు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అడగాలని నోటిదాకా వచ్చినా అడగలేదు. అడిగే హక్కు తనకు పోయిందనుకుంది.

పిల్లే అడిగింది. "టీచర్, మళ్ళీ తీస్తారా? నాన్న కూడా ఉండాలి. ఇందాక అడిగినట్టే అడగాలి."

"నేనా? నాకెందుకమ్మా ఇవన్నీ?" అంటూనే డ్రైవరు మంచం మీది యూనిఫాం చొక్కా అందుకుని తొడుక్కున్నాడు.

"నలభై ఎనిమిది దగ్గర మొదలుపెడదామా?" అంది టీచరు.

"వద్దు. ముందు యాభై అనే చెప్తాను. అది దాచి ఒప్పు ఒక్కటే చూపిస్తే, ఆ కోచింగాయనకీ మనకీ తేడా ఏముంది? ఆయన ఒక సగం కోశాడు, మనం ఇంకో సగం కోసినట్టు."

మర్నాడు పొద్దున పేజీలో కొత్త వీడియో వచ్చింది. దానికి పేరు పిల్లే పెట్టుకుంది: "నేను యాభై అన్నాను." కోచింగాయన చానెలు కింద కూడా టీచరు తన సొంత పేరుతో దాన్ని అతికించి, "మిగతా సగం ఇదిగో. మీ గాడిద ఏ వరుసలో తప్పు పట్టిందో రాయండి" అని రాసింది. ఆయన దాన్ని తీసేశాడు. ఆవిడ మళ్ళీ పెట్టింది. ఆయన మళ్ళీ తీశాడు. మూడోసారి పదో తరగతి మొత్తం పెట్టింది.

ఆ మర్నాడు బడి గంట కొట్టకముందే కరస్పాండెంటు కబురు పంపాడు. ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి ఆయన మొహం విప్పారి ఉంది, హెడ్మాస్టరు ఎప్పటిలాగే మూల కుర్చీలో ఉన్నాడు. "ఆ వీడియో తీసేశారట. మంచి పని చేశారు."

"తీసింది పిల్ల కోసం సార్, బడి కోసం కాదు. కొత్తది పెట్టాం, చూసినట్టు లేరు."

ఆయన ఫోను తీసి చూశాడు. "మళ్ళీ తప్పుతోనే మొదలైందేంటి?" అని అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "వెంటనే తీసేయండి."

"అది నా చేతుల్లో లేదు. అందులో ఉన్నవాళ్ళని అడగండి. బయటే ఉన్నారు."

డ్రైవరు యూనిఫాంలోనే వచ్చాడు, పిల్ల బడి సంచీతో వచ్చింది. కరస్పాండెంటు గొంతు కాస్త మెత్తబరిచి, "ఎందుకమ్మా మళ్ళీ ఈ గొడవ? చక్కగా సరైన జవాబు ఒక్కటే చెప్పొచ్చుగా" అన్నాడు.

పిల్ల వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకునే ఉంది.  "సార్, వీడియో చూడకముందు మీరెంత అనుకున్నారు?"

కరస్పాండెంటు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. 

"నేను యాభై అనుకున్నాను" అన్నాడు మూల కుర్చీలోంచి హెడ్మాస్టరు. అందరూ అటు తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "డిగ్రీలో నాది కూడా లెక్కలే."

కరస్పాండెంటు అన్నంత పనీ చేశాడు. వారం తిరక్కుండా టీచరును పదో తరగతి నుంచి తీసి ఆరో తరగతికి వేశాడు. ఆవిడ బతిమాలలేదు, రాజీనామా కాగితమూ విసరలేదు. ఆ రోజు ఇంటికొచ్చి వదిన ఎదురుగా కూర్చుని బాగా ఏడ్చింది. మొహం కడుక్కుని ఆరో తరగతి పుస్తకం తెరిచింది. మొదటి రోజే అక్కడ రబ్బరు నిషేధించింది. ఆరో తరగతికి వేరే పేజీ తెరిచి, ఈసారి దానికి తాళం వేసింది. తాళం చెవి తల్లిదండ్రులకి ఇచ్చింది. బయటికి ఏది పెట్టాలో, ఎప్పుడు తీయాలో పిల్లలూ వాళ్ళ ఇంటివాళ్ళూ కలిసే తేల్చుకోవాలంది. వదిన ఆ మాట విని మిషను ఆపి మరీ మరదలి వంక చూసింది.

పదో తరగతికి ఒక కుర్ర మాస్టారొచ్చాడు. మంచివాడే, పైవాళ్ళ మాట జవదాటడు. మంచి కెమెరా ముందు, మంచి చొక్కా తొడుక్కుని, ఎక్కడా తడబడకుండా ఒక పాఠం చెప్పి పదో తరగతి పేజీలో పెట్టాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. కింద మొదటి వ్యాఖ్య డ్రైవరు గారి అమ్మాయిది.

"బాగుంది సార్. మీరు మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు ఏ వరుసలో తప్పారో చెప్తారా?"

దాని కింద క్లాసులో మిగతావాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు అదే ప్రశ్న రాశారు. రెండు రోజులు కుర్ర మాస్టారు ఉలకలేదు, పలకలేదు. మూడో రోజు ఇంకో వీడియో వచ్చింది. అందులో మంచి కెమెరా లేదు. ఆయన ఇంట్లో బల్ల, ఆయన కలం, ఒక తెల్ల కాగితం. కెమెరా వంక చూడకుండా అన్నాడు: "నాలుగో వరుసలో. చూపిస్తాను, నవ్వకండి."

ఎవరూ నవ్వలేదు.